ఎవరి లెక్క వారిది

2008 అమెరికా డెమోక్రటిక్ ప్రైమరీలో ఒబామా, క్లింటన్ వర్గాలు ఐదు నెలలు కొట్టుకున్నాయి. ఓట్ల కోసం ఎంత కొట్టుకున్నాయో, ఆ ఓట్లు ఎలా లెక్కపెట్టాలన్నదాని కోసమూ అంతే కొట్టుకున్నాయి.

న్యూజెర్సీలో 11 లక్షల మందికి పైగా ఓటేశారు. ఐడహోలో ఓటేసింది దాదాపు 21 వేల మంది. రెండుచోట్లా పోలింగ్ ఒకే రోజు, 2008 ఫిబ్రవరి 5న. ఎడిసన్ ఊరి పుణ్యమా అని తెలుగువాళ్లందరికీ తెలిసిన న్యూజెర్సీని హిల్లరీ క్లింటన్ గెలుచుకున్నారు. బంగాళదుంపల సాగుకు పేరుపడ్డ ఐడహో బరాక్ ఒబామాకు దక్కింది. పెద్ద రాష్ట్రం గెలిచినందుకు క్లింటన్‌కు దక్కిన ఆధిక్యం 11 మంది డెలిగేట్లు, అంటే అభ్యర్థిని ఖాయం చేసే పార్టీ సదస్సుకు వెళ్లే ప్రతినిధులు. చిన్న రాష్ట్రం గెలిచినందుకు ఒబామాకు దక్కింది 12.

ఎక్కడా రిగ్గింగ్ జరగలేదు. నియమాల పుస్తకంలో ఎలా రాసి ఉందో అలాగే పంచారు. న్యూజెర్సీలో తేడా పది శాతం దగ్గర ఆగిపోవడంతో డెలిగేట్లు 59, 48గా చీలిపోయారు. ఐడహోలో ఒబామాకు దాదాపు 80 శాతం రావడంతో 15 మంది ఆయనకు, ముగ్గురు ఆమెకు వెళ్లారు. ఇదేం న్యాయమని క్లింటన్ అభిమాని అడుగుతాడు. ఆట మొదలయ్యే ముందే అందరికీ చెప్పిన నియమం కదా అని ఒబామా అభిమాని అంటాడు. ఇద్దరి మాటలోనూ నిజముంది. అయితే లాభనష్టాలు తారుమారై ఉంటే ఆ ఇద్దరూ ఒకరి మాటలు ఒకరు మాట్లాడేవాళ్లనడంలో నాకు అనుమానం లేదు. అధ్యక్ష అభ్యర్థి కోసం ఒక పార్టీ తనలో తాను పోట్లాడుకున్న ప్రతిసారీ కనిపించే దృశ్యమిది. 2008లో అది కనిపించినంత స్పష్టంగా మరెప్పుడూ కనిపించలేదు.

టికెట్ ఇచ్చేదెవరు?

మన దగ్గర టికెట్ అంటే బి-ఫారం. అధినేత సంతకమున్న ఆ కాగితం ఎవరి చేతికొస్తే వాళ్లే అభ్యర్థి. రానివాళ్లు అలుగుతారు, బుజ్జగింపులు నడుస్తాయి, వినకపోతే రెబెల్‌గా నామినేషన్ పడుతుంది. ముఖ్యమంత్రి పేరు సీల్డ్ కవర్‌లో ఢిల్లీ నుంచి దిగిన రోజులూ చూశాం. అమెరికాలోనూ ఒకప్పుడు ఇంచుమించు ఇదే తంతు. 1968లో ఉపాధ్యక్షుడు హ్యూబర్ట్ హంఫ్రీ ప్రైమరీల్లో పోటీకి దిగకుండానే డెమోక్రటిక్ అభ్యర్థి అయిపోయారు. వియత్నాం యుద్ధం వద్దంటూ ప్రైమరీల్లో ఊరూరా తిరిగి ఓట్లు తెచ్చుకున్నది యూజీన్ మెకార్తీ, రాబర్ట్ కెనడీ. కాలిఫోర్నియా గెలిచిన రాత్రే కెనడీని కాల్చేశారు. ఆగస్టులో షికాగో సదస్సు లోపల పెద్దలు హంఫ్రీ పేరు ఖాయం చేస్తుంటే, బయట యుద్ధ వ్యతిరేకుల మీద పోలీసు లాఠీలు విరిగాయి. టీవీల్లో దేశమంతా చూసింది. నవంబరులో నిక్సన్ గెలిచారు.

ఆ పరువునష్టం నుంచే ఇప్పటి పద్ధతి పుట్టింది. డెలిగేట్ల ఎంపిక గుట్టుగా కాక బహిరంగంగా జరగాలని సెనేటర్ జార్జ్ మెక్‌గవర్న్ అధ్యక్షతన ఏర్పడ్డ కమిషన్ నియమాలు రాసింది. 1972లో ఆ కొత్త నియమాల కింద పోటీచేసి గెలిచిందీ మెక్‌గవర్నే. తమాషా ఏమిటంటే, గెలిచినవాడికే మొత్తం డెలిగేట్లు అనే పాత పద్ధతి కాలిఫోర్నియాలో ఇంకా మిగిలి ఉంది. సంస్కరణల స్ఫూర్తికి అది పూర్తి విరుద్ధం. కానీ అక్కడ గెలిచింది సంస్కర్త గారే కాబట్టి 271 మందీ తనకే చెందాలని పట్టుబట్టారు. దామాషా ప్రకారం పంచాలని, అదే న్యాయమని చెప్పిన వర్గంలో హంఫ్రీ ఉన్నారు, నాలుగేళ్ల కిందట ప్రైమరీల మొహం చూడని హంఫ్రీ! చివరికి మెక్‌గవర్న్ పంతం నెగ్గింది. నవంబరులో 49 రాష్ట్రాల్లో ఓడిపోయారు.

అంతా జనానికి వదిలేస్తే ఇలాంటి దెబ్బలే తగులుతాయని పార్టీ పెద్దలకు మళ్లీ భయం పట్టుకుంది. 1982లో నార్త్ కరోలినా గవర్నర్ జిమ్ హంట్ అధ్యక్షతన మరో కమిషన్ కూర్చుని, పార్టీ చట్టసభ సభ్యులకు, గవర్నర్లకు, జాతీయ కమిటీ సభ్యులకు ప్రైమరీ ఫలితాలతో నిమిత్తం లేకుండా సదస్సులో ఓటు ఇచ్చింది. వీళ్లే సూపర్ డెలిగేట్లు. 2008 నాటికి దాదాపు 800 మంది, మొత్తం సభలో ఐదో వంతు. పెద్దల పెత్తనం తలుపులోంచి వెళ్లి కిటికీలోంచి వచ్చిందని గిట్టనివాళ్లు అనేవారు. పాతికేళ్లపాటు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పోటీ నువ్వా నేనా అన్నట్టు సాగినప్పుడు గానీ వాళ్ల అవసరం పడదు మరి.

తేడా ఎంత?

ఒబామాకు, క్లింటన్‌కు మధ్య నిజమైన విధాన భేదం ఇరాక్. 2002 అక్టోబరులో సెనేటర్ క్లింటన్ యుద్ధానికి అనుమతిచ్చే తీర్మానానికి అనుకూలంగా ఓటేశారు. అదే నెలలో, అప్పటికి ఇల్లినాయ్ రాష్ట్ర సెనేటర్ మాత్రమే అయిన ఒబామా షికాగో సభలో యుద్ధం వద్దని మాట్లాడారు. రెండోది ఆరోగ్య బీమా. ప్రతి ఒక్కరూ తప్పనిసరిగా బీమా తీసుకోవాలని క్లింటన్ ప్రణాళిక. పిల్లలకు సరే, పెద్దవాళ్ల మెడమీద కత్తి పెట్టి కొనిపించడమేమిటని ఒబామా. ఈ సంగతి మీద ఒబామా ప్రచారకులు ఓహైయోలో కరపత్రాలు పంచితే క్లింటన్ సిన్సినాటిలో విలేకరుల ముందు నిలబడి, పేరు పెట్టి మరీ సిగ్గుండాలన్నారు.

మిగతా అన్నింటిలోనూ ఇద్దరిదీ ఒకటే దారి. పక్క పార్టీతో అయితే పన్నుల మీదో, గర్భస్రావం మీదో, తుపాకుల మీదో వాదించుకోవచ్చు. సొంత పార్టీవాడితో వాదించడానికి ఏముంటుంది? అందుకే మాట మనుషుల మీదికి మళ్లింది. ఒకవైపు తొలి మహిళా అధ్యక్షురాలయ్యే అవకాశం, మరోవైపు తొలి నల్లజాతి అధ్యక్షుడయ్యే అవకాశం. దశాబ్దాలుగా ఒకే గొడుగు కింద ఉన్న రెండు ఆశలు ఒకదానికొకటి అడ్డం వచ్చాయి. సౌత్ కరోలినాలో ఒబామా ఘనంగా గెలిచిన రోజున, అక్కడ జెస్సీ జాక్సన్ కూడా 1984లో, 1988లో గెలిచారు కదా అని బిల్ క్లింటన్ గుర్తుచేశారు. ఇది నల్లవాళ్ల ఓటు, దీన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదన్నట్టుగా చాలామందికి వినిపించింది. ఒబామా తెల్లవాడై ఉంటే ఈ స్థాయికి వచ్చేవాడే కాదని మార్చిలో జెరాల్డీన్ ఫెరారో అన్నారు. 1984లో ఉపాధ్యక్ష పదవికి పోటీచేసి చరిత్రకెక్కిన మహిళ ఆవిడ. దుమారం రేగడంతో క్లింటన్ ప్రచార ఆర్థిక కమిటీ నుంచి తప్పుకున్నారు.

ఈ బురద మనవాళ్ల మీద కూడా చిందింది. 2007 జూన్‌లో ఒబామా ప్రచార కార్యాలయం విలేకరులకు అందించిన ఒక పత్రంలో క్లింటన్‌ను పంజాబ్ డెమోక్రాట్‌గా వెక్కిరించారు. భారతీయ అమెరికన్ల నుంచి ఆమె తీసుకున్న విరాళాలు, ఔట్‌సోర్సింగ్ మీద ఆమె మెతక వైఖరి అందులోని సరుకు. మనవాళ్లు భగ్గుమన్నారు. అది తెలివితక్కువ పని అని ఒబామా స్వయంగా ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆశల మాటలు చెప్పే ప్రచారంలోనూ ఇలాంటి చేతివాటం ఉంటుందని చెప్పడానికే ఈ ప్రస్తావన. ఒక్క వర్గమే గోటితో గిచ్చిందనుకుంటే పొరపాటు.

జూదశాలలో కాకస్

ప్రైమరీ అంటే మనకు తెలిసిన పోలింగే. కాకస్ వేరు. చెప్పిన వేళకు బడికో, చర్చికో, కమ్యూనిటీ హాలుకో వెళ్లి, ఇరుగుపొరుగు చూస్తుండగా తమ అభ్యర్థి గుంపులో నిలబడాలి. సాధారణంగా 15 శాతం మంది లేని గుంపు చెదిరిపోయి మరో గుంపులో చేరాలి. ఈలోపు పక్క గుంపువాళ్లు చేయిపట్టి లాగుతుంటారు. మొత్తం ఒకటి రెండు గంటల పని. రహస్య ఓటు లేదు. నైట్ డ్యూటీ నర్సు, హోటల్లో వంటమనిషి, చంటిబిడ్డ తల్లి రాలేరు. ఒబామా మనుషులు కాకస్ రాష్ట్రాల్లో ముందునుంచే కార్యాలయాలు తెరిచి కార్యకర్తలను పోగేశారు. క్లింటన్ శిబిరం పెద్ద ప్రైమరీ రాష్ట్రాల మీద డబ్బు, దృష్టి పెట్టింది. ఓడిపోవడం మొదలయ్యాక కాకస్ ప్రజాస్వామ్యం కాదన్న సత్యం వాళ్లకు తట్టింది. అది సత్యమే. తట్టిన వేళే చిత్రం.

నెవాడా సంగతి చూడండి. జనవరి 19 శనివారం పగలు కాకస్. లాస్ వెగాస్ స్ట్రిప్‌లో అప్పుడు జూదశాలల సిబ్బంది పనిలో ఉంటారు. వాళ్లకోసం తొమ్మిది జూదశాలల్లోనే ప్రత్యేక కాకస్ కేంద్రాలు పెట్టాలని పార్టీ నెలల ముందే నిర్ణయించింది. ఎవరూ కాదనలేదు. జనవరి 9న హోటల్, వంట సిబ్బంది సంఘం కలినరీ యూనియన్ ఒబామాకు మద్దతు ప్రకటించింది. రెండ్రోజులు తిరక్కుండానే, క్లింటన్ అనుకూలురు ఉన్న ఉపాధ్యాయ సంఘం ఆ కేంద్రాలు చెల్లవంటూ కోర్టుకెక్కింది. ఒక వృత్తివాళ్లకు మాత్రమే ఈ సౌకర్యం అన్యాయమట. జడ్జి కొట్టేశారు. కాకస్ రోజున తొమ్మిది జూదశాలల్లో ఏడింట గెలిచింది ఎవరనుకున్నారు? క్లింటన్! సంఘం నాయకులు ఒకటి చెప్తే పరుపులు సర్దే అమ్మలు ఇంకోటి చేశారు. నిమిషాల్లో కోర్టు కేసు సంగతి రెండు శిబిరాలూ మర్చిపోయాయి.

ఆ కథకు కొసమెరుపు కూడా ఉంది. నెవాడాలో క్లింటన్ 51, ఒబామా 45 శాతం. అయినా ఆ రోజు అంచనాల ప్రకారం జాతీయ సదస్సుకు వెళ్లే డెలిగేట్లలో ఆమెకు 12, ఆయనకు 13.

నాలుగు సీట్ల చిక్కు

ఇదెలా సాధ్యమన్న ప్రశ్నకు జవాబు నియోజకవర్గాల్లో ఉంది. డెమోక్రాట్లు డెలిగేట్లలో ఎక్కువమందిని రాష్ట్రం మొత్తానికి కాక, నియోజకవర్గాల వారీగా పంచుతారు. నలుగురు డెలిగేట్లున్న నియోజకవర్గాన్ని తీసుకోండి. ఇద్దరే పోటీలో ఉంటే, మూడో డెలిగేట్ దక్కాలంటే 62.5 శాతం దాటాలి. 60 శాతం తెచ్చుకున్నా చెరి రెండే. అదే ముగ్గురున్న చోట ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలు, రెండు ఒకటి. కాబట్టి బేసి సంఖ్య నియోజకవర్గంలో చిన్న గెలుపు, సరి సంఖ్య నియోజకవర్గంలో పెద్ద గెలుపు కంటే విలువైనది. పైగా గత ఎన్నికల్లో పార్టీకి బాగా ఓట్లేసిన చోట్లకు ఎక్కువ డెలిగేట్లు. అంటే నల్లజాతీయులు ఎక్కువగా ఉండే నగర ప్రాంతాలకు బరువు ఎక్కువ. ఒబామా శిబిరం ఈ పట్టికలు ముందేసుకుని, ఎక్కడ ఎంత తిరిగితే ఎంత మిగులుతుందో గణితం వేసుకుంది. నన్నడిగితే ఆ ప్రైమరీని గెలిపించినవాటిలో ప్రసంగాల పక్కనే ఆ పట్టికలనూ కూర్చోబెట్టాలి.

మార్చి 4న టెక్సస్ మరీ విడ్డూరం. అక్కడ అప్పట్లో పగలు ప్రైమరీ, అదే రోజు రాత్రి కాకస్. పగలు ఓటేసినవాళ్లు రాత్రి మళ్లీ రావచ్చు. టెక్సస్ రెండడుగుల నాట్యమని దానికి పేరు. ప్రైమరీలో క్లింటన్ 51, 47తో గెలిచారు. టీవీలన్నీ ఆమె తిరిగి లేచిందని చెప్పాయి. రాత్రి కాకస్‌లో ఒబామా గెలిచారు. అన్నీ కూడితే ఆయనకు 99, ఆమెకు 94. అదే సమయంలో రేడియోలో రష్ లింబా అనే రిపబ్లికన్ వ్యాఖ్యాత, డెమోక్రాట్ల పోరు ఇంకా సాగాలని, మీరూ వెళ్లి క్లింటన్‌కు ఓటేయండని తన శ్రోతలకు చెబుతున్నారు. బయటివాళ్లు రావడానికి తలుపులు తీసి ఉంచిన రాష్ట్రాల్లో అదీ చెల్లుతుంది.

పెద్దల మాట

వసంతం వచ్చేసరికి ఓట్లతో గెలిచిన డెలిగేట్లలో ఒబామా వందకు పైగా ముందున్నారు. అయినా వాళ్లతోనే మెజారిటీ గీత దాటడం ఇద్దరిలో ఎవరికీ సాధ్యం కాదని తేలిపోయింది. అందరి కళ్లూ ఆ 800 మంది సూపర్ డెలిగేట్ల మీద పడ్డాయి. ప్రజల తీర్పును పెద్దలు తిరగరాయకూడదని ఒబామా వర్గం. పెద్దలకు ఓటిచ్చిందే సొంత బుద్ధితో ఆలోచించమని, నవంబరులో గెలిచేదెవరో చూడమని క్లింటన్ వర్గం. హంట్ కమిషన్ ఉద్దేశాన్ని బట్టి చూస్తే రెండో వాదనే సరైనది. 1968 గాయాన్ని బట్టి చూస్తే మొదటిది.

అయితే మసాచుసెట్స్‌లో ఏం జరిగింది? అక్కడ క్లింటన్ 15 శాతం తేడాతో గెలిచారు. ఆ రాష్ట్రపు ఇద్దరు సెనేటర్లు టెడ్ కెనడీ, జాన్ కెర్రీ, గవర్నర్ డెవాల్ పాట్రిక్ ఒబామా వైపే ఉండిపోయారు. ప్రజల తీర్పు సూత్రం వాళ్లకు వర్తించదా అంటే ఒబామా శిబిరం నుంచి జవాబు లేదు. అట్లాంటా ఎంపీ జాన్ లూయిస్, పౌరహక్కుల పోరాటంలో తలపగిలిన యోధుడు, మొదట క్లింటన్ వైపున్నారు. తన నియోజకవర్గం ఒబామాకు ఓటేయడంతో ఫిబ్రవరి చివర్లో ఇటు మారారు. మార్చిలో న్యూమెక్సికో గవర్నర్ బిల్ రిచర్డ్‌సన్ ఒబామాకు మద్దతు పలికారు. బిల్ క్లింటన్ ప్రభుత్వంలో మంత్రిగా చేసిన మనిషి. ఈస్టర్ వారంలో ముప్ఫై వెండి నాణేలకు అమ్ముడుపోయిన జూడాస్‌తో ఆయనను పోల్చి తిట్టింది క్లింటన్ సన్నిహితుడు జేమ్స్ కార్విల్.

ఓట్లూ పెద్దలూ ఎదురెదురైన కథ మనకూ ఉంది. 1939 జనవరిలో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి సుభాష్ చంద్రబోస్‌తో పోటీపడింది మన బందరు డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య. బోస్‌కు 1,580, పట్టాభికి 1,377. ఆ ఓటమి పట్టాభిది కాదు, తనదేనన్నారు గాంధీజీ. కార్యవర్గాన్ని గాంధీజీ ఇష్టప్రకారమే వేయాలని పార్టీ పెద్దలు త్రిపురి సభలో తీర్మానం పెట్టించారు. ఏప్రిల్ ముగిసేలోగా, ఓట్లతో గెలిచిన బోస్ రాజీనామా చేశారు. డెమోక్రాట్లు భయపడింది సరిగ్గా ఇలాంటి ముగింపుకే.

ఫ్లోరిడా, మిషిగన్

అసలు పంచాయితీ వేరేచోట కాచుకుని ఉంది. ఫిబ్రవరి 5 కంటే ముందు ఓటింగ్ జరిపే హక్కు అయోవా, న్యూహ్యాంప్‌షైర్, నెవాడా, సౌత్ కరోలినాలకే అని అప్పటి పార్టీ నియమం. ఫ్లోరిడాలో రిపబ్లికన్ల చేతిలోని శాసనసభ తేదీని జనవరి 29కి జరిపింది. మిషిగన్ డెమోక్రాట్లు మాత్రం తెలిసే చేశారు. చిన్న న్యూహ్యాంప్‌షైర్ పెత్తనం ఎన్నాళ్లని సెనేటర్ కార్ల్ లెవిన్ లాంటివాళ్లకు ఎప్పటినుంచో మంట. జనవరి 15న పెట్టుకున్నారు. పార్టీ జాతీయ కమిటీ రెండు రాష్ట్రాల డెలిగేట్లనూ పూర్తిగా రద్దు చేసింది. అదే తప్పుకు రిపబ్లికన్ పార్టీ సగమే కోసింది. అభ్యర్థులంతా ఆ రాష్ట్రాల్లో ప్రచారం చేయబోమని సంతకాలు పెట్టారు. మిషిగన్ బ్యాలెట్ నుంచి ఒబామా పేరు ఉపసంహరించుకున్నారు. క్లింటన్ ఉంచారు. ఆ ఎన్నికకు ఎలాగూ విలువ ఉండదని 2007 అక్టోబరులో న్యూహ్యాంప్‌షైర్ రేడియోతో ఆమే చెప్పారు.

ఫ్లోరిడాలో దాదాపు 17 లక్షల మంది ఓటేశారు. క్లింటన్ 50, ఒబామా 33 శాతం. మిషిగన్‌లో క్లింటన్‌కు 55 శాతం, ఎవరికీ కాదన్న గడికి 40 శాతం. ఒబామా పేరే లేదు కాబట్టి ఆయనకు సున్నా. వసంతంలో వెనకబడ్డాక ఈ ఓట్లు క్లింటన్ శిబిరానికి పవిత్రమైపోయాయి. మొత్తం ఓట్లలో ఆమే ముందున్నారని వాదించడం మొదలైంది. నిజమే, మిషిగన్‌లో ఒబామాకు సున్నా వేస్తే! పైగా అయోవా, నెవాడా, మెయిన్, వాషింగ్టన్ కాకస్‌లలో తలల లెక్క అధికారికంగా ప్రకటించనే లేదు. ఎవరికి కావలసిన మొత్తం వాళ్లు వేసుకోవచ్చు. మే 21న ఫ్లోరిడాలో మాట్లాడుతూ క్లింటన్ బానిసత్వ నిర్మూలన, మహిళల ఓటు హక్కు, పౌరహక్కుల ఉద్యమాలతో ఈ ఓట్లను పోల్చారు. జింబాబ్వేను కూడా తీసుకొచ్చారు. పందెంలో వెనకబడ్డ పిల్లవాడు తూచ్ అన్నట్టుందని ఒబామా వర్గం నవ్వింది. కానీ 17 లక్షల మంది నవ్వే విషయం కాదు. తేదీ మార్చింది వాళ్లు కాదు, చట్టసభ. శిక్ష పడింది వాళ్లకు.

మే 31 శనివారం వాషింగ్టన్ మారియట్ వార్డ్‌మన్ పార్క్ హోటల్లో నియమాల కమిటీ కూర్చుంది. ముప్ఫై మంది సభ్యులు. ఒబామా మద్దతుదారుల కంటే క్లింటన్ మద్దతుదారులే ఎక్కువ. రోజంతా టీవీల్లో ప్రత్యక్ష ప్రసారం. హాల్లో ప్రేక్షకుల అరుపులు, బయట ప్లకార్డులు. మధ్యాహ్న భోజనం గంటల తరబడి సాగింది. అసలు బేరాలన్నీ అక్కడే అని అందరికీ తెలుసు. తిరిగొచ్చాక ఫ్లోరిడా సులువుగా తేలింది: డెలిగేట్లందరూ వస్తారు, ఒక్కొక్కరికీ అర ఓటు. 27 మంది అవునన్నారు, కాదన్నవారు లేరు.

మిషిగన్ దగ్గర పీటముడి పడింది. ఓట్ల ప్రకారం క్లింటన్‌కు 73, ఎవరికీ చెందనివాళ్లు 55. చెరిసగం పంచాలని ఒబామా వర్గం కోరిక: 64, 64. మధ్యేమార్గంగా 69, 59 అన్నారు మిషిగన్ నాయకులు. బ్యాలెట్ మీద పేరే లేని మనిషికి 59 మంది, అదీ గెలిచినావిడ నుంచి నలుగురిని తీసి మరీ! 19-8 ఓట్లతో అదే ఖాయమైంది. కమిటీ సభ్యుడు, క్లింటన్ సలహాదారు హెరాల్డ్ ఇకీస్ మండిపడ్డారు. ఇది ఓటర్ల నుంచి దోపిడీ అని, ఆగస్టు సదస్సు దాకా తీసుకెళ్లే హక్కు తమకుందని హెచ్చరించారు. సదస్సు జరిగే ఊరు డెన్వర్. హాల్లో కొందరు డెన్వర్, డెన్వర్ అని నినదించారు. 2007లో ఈ రాష్ట్రాల డెలిగేట్లను రద్దు చేయడానికి ఓటేసిన సభ్యుల్లో ఇకీస్ కూడా ఉన్నారు. 1980లో టెడ్ కెనడీ తరఫున, గెలిచిన అభ్యర్థికే డెలిగేట్లు కట్టుబడాలన్న నియమాన్ని బద్దలుకొట్టడానికి పోరాడినదీ ఈయనే. నియమాలను అటూ ఇటూ తిప్పడంలో ఆయనకు సాటి లేరు. నాకు మాత్రం ఆయన మీద కోపం రాదు. వకీలు పని వకీలు చేశాడు.

నలుగురు డెలిగేట్లు, అదీ అర ఓటు చొప్పున. అంటే తేడా రెండు ఓట్లు. ఆధిక్యం మీద దాని ప్రభావం నామమాత్రం. అయినా ఆ కమిటీ తీర్పు విలువ తక్కువేం కాదని నా అభిప్రాయం. ఓడినవాళ్లు తమ వాదనంతా అందరూ చూస్తుండగా చెప్పుకున్నారు, అరిచారు, ఏడ్చారు. ఓటింగ్ కళ్లముందే జరిగింది. సీల్డ్ కవర్‌తో తేలిన ఏ టికెట్‌కూ ఈ భాగ్యం ఉండదు.

ఆ తర్వాత

ఆ రెండు రాష్ట్రాలూ కలవడంతో మెజారిటీకి కొత్త గీత 2,118. జూన్ 3 రాత్రి ఒబామా దాన్ని దాటారు. ప్రజల తీర్పును పెద్దలు మార్చకూడదన్న వర్గం చివరి మెట్టు ఎక్కింది పెద్దల ఓట్లతోనే. క్లింటన్ జూన్ 7న ఓటమి ఒప్పుకున్నారు. పూమా అని పేరు పెట్టుకున్న ఆమె వీరాభిమానులు ఒబామాకు వేయం గాక వేయమన్నారు, రిపబ్లికన్ మెకెయిన్‌కు వేస్తామన్నవాళ్లూ ఉన్నారు. జూన్ 27న ఇద్దరూ న్యూహ్యాంప్‌షైర్‌లో యూనిటీ అనే చిన్న ఊళ్లో ఒకే వేదికెక్కారు. ఊరి పేరు ఒక్కటే కాదు, అక్కడి ప్రైమరీలో ఇద్దరికీ సరిగ్గా 107 చొప్పున ఓట్లొచ్చాయి. ఆగస్టు 27న డెన్వర్‌లో ఓట్ల లెక్క మధ్యలో ఆపించి, ఒబామాను ఏకగ్రీవంగా ప్రకటించమని కోరింది క్లింటనే. నవంబరులో డెమోక్రాట్లలో పదిమందికి దాదాపు తొమ్మిదిమంది ఒబామాకే వేశారు.

ఈ పోరు పార్టీని చంపేస్తుందని ఏప్రిల్‌లో పత్రికలు తలలు పట్టుకున్నాయి. జరిగింది తలకిందులు. మామూలుగా అయితే ప్రైమరీ ఎవరూ పట్టించుకోని ఇండియానా, నార్త్ కరోలినాల్లో మే దాకా పోటీ సాగడంతో ఓటర్ల నమోదు, కార్యకర్తల జాబితాలు, కార్యాలయాలు అన్నీ ఏర్పడ్డాయి. నవంబరులో ఒబామా ఇండియానా గెలిచారు, 1964 తర్వాత డెమోక్రాట్ గెలవడం అదే మొదలు. నార్త్ కరోలినా 1976 తర్వాత మొదలు. గెలిచాక క్లింటన్‌ను విదేశాంగ మంత్రిని చేశారు. 2010 మార్చిలో ఒబామా సంతకం చేసిన ఆరోగ్య చట్టం బీమాను తప్పనిసరి చేసింది. ఓహైయో కరపత్రాల మాట ఎవరూ ఎత్తలేదు.

2016లో పాత్రలు మారాయి. ఓటింగ్ మొదలవకముందే వందలమంది సూపర్ డెలిగేట్లు క్లింటన్ వైపు. బెర్నీ శాండర్స్ న్యూహ్యాంప్‌షైర్‌లో 22 శాతం తేడాతో గెలిచినా పెద్దలు కదల్లేదు. ఇది రాజరికమని ఆయన అభిమానులు మండిపడ్డారు. వేసవికల్లా, డెలిగేట్లలో వెనకబడ్డాక, ట్రంప్‌ను ఓడించగలిగేది నేనే కాబట్టి సూపర్ డెలిగేట్లు నావైపు రావాలని శాండర్స్ అడిగారు! ఎనిమిదేళ్ల కిందటి క్లింటన్ వాదన, అక్షరం పొల్లుపోకుండా. వాషింగ్టన్ రాష్ట్రం కాకస్‌లో ఆయనకు దాదాపు 73 శాతం వచ్చింది. రెండు నెలల తర్వాత అదే రాష్ట్రంలో, డెలిగేట్లతో సంబంధం లేని ప్రైమరీలో అంతకు ఎన్నో రెట్ల మంది ఓటేస్తే క్లింటన్ గెలిచారు. కాకస్ గొప్పదనం గురించి అప్పుడు మాట్లాడింది శాండర్స్ వర్గం.

రిపబ్లికన్లు తక్కువ తినలేదు. అదే ఏడాది కొలరాడోలో ఓటింగ్ పెట్టకుండా పార్టీ సమావేశాల్లోనే డెలిగేట్లను టెడ్ క్రూజ్‌కు కట్టబెడితే, ఇదంతా కుట్ర అన్నారు ట్రంప్. సౌత్ కరోలినాలో మూడో వంతు ఓట్లు కూడా రాకుండానే మొత్తం 50 మంది డెలిగేట్లూ తనకే దక్కినప్పుడు ఆయనకు నియమాల్లో లోపం కనిపించలేదు.

2018 ఆగస్టులో డెమోక్రాట్లు సూపర్ డెలిగేట్లకు మొదటి రౌండు ఓటు తీసేశారు. 2024లో మొదటి స్థానం సౌత్ కరోలినాకిచ్చారు. న్యూహ్యాంప్‌షైర్ ఒప్పుకోలేదు, జనవరిలోనే పోలింగ్ పెట్టింది. బ్యాలెట్‌పై పేరు లేని బైడెన్‌ను ఓటర్లు చేత్తో రాసి గెలిపించారు. ఆ పోలింగ్‌కు అర్థమే లేదని లేఖ రాసిన పార్టీయే చివరికి వాళ్లను సదస్సుకు రానిచ్చింది. జులై 21న బైడెన్ తప్పుకున్నారు. ఆగస్టు మొదట్లో, ఆ ఏడాది ప్రైమరీల్లో పోటీయే చేయని కమలా హారిస్‌ను డెలిగేట్లు ఆన్‌లైన్ ఓటింగ్‌తో అభ్యర్థిని చేశారు. అంతకాలం ఓటర్ల మాటే వేదమన్న డెమోక్రాట్లు ఊపిరి పీల్చుకున్నారు. బైడెన్‌కు ప్రైమరీల్లో ఓటేసిన కోటీ నలభై లక్షల మంది డెమోక్రాట్లకు ఎంత అన్యాయం జరిగిపోయిందోనని ఆ వేసవంతా టీవీల్లో కన్నీళ్లు పెట్టుకున్నది రిపబ్లికన్లు.